మరణం అంచు దాకా వెళ్లి వచ్చిన మెదడు డాక్టరు సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలి?

ప్రశ్న: గుంటూరు పాఠకుడు

ఎబెన్ అలెగ్జాండర్ అనే అమెరికన్ న్యూరోసర్జన్ 2012లో రాసిన ‘ప్రూఫ్ ఆఫ్ హెవెన్’ పుస్తకం ఇక్కడ చాలామంది చదివే ఉంటారు. చదవనివారి కోసం విషయం క్లుప్తంగా చెబుతాను. 2008 నవంబరు 10వ తేదీ తెల్లవారుజామున, వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో ఆయనకు నడుంనొప్పి, ఆ వెంటనే భరించలేని తలనొప్పి మొదలై, కొద్ది గంటల్లోనే ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది. ఈ-కొలై సూక్ష్మజీవి వల్ల మెదడు పొరలకు సోకిన మెనింజైటిస్ అని ఆస్పత్రిలో తేలింది. పెద్దవయసు వారికి ఆ సూక్ష్మజీవి వల్ల ఈ జబ్బు రావడం చాలా అరుదట. వారం రోజుల పాటు వెంటిలేటర్ మీద కోమాలో ఉండి, వైద్యులు ఆశ వదులుకుంటున్న దశలో ఆయన కళ్లు తెరిచాడు, క్రమంగా పూర్తిగా కోలుకున్నాడు.

ఆ కోమాలో తాను మొదట బురదలాంటి చీకటిలో పడి ఉన్నాననీ, తిరుగుతూ వచ్చిన ఒక వెలుగు తనను సంగీతంతో పాటు పైకి లాగి పచ్చని లోయమీదికి చేర్చిందనీ, అక్కడ సీతాకోకచిలుక రెక్కమీద తన పక్కన ఒక యువతి కూర్చుని ఉందనీ, ఆ తర్వాత ఇంకా లోపలికి వెళ్లి దైవసన్నిధిని అనుభవించాననీ ఆయన రాశాడు. ఆయన చిన్నప్పుడే దత్తతకు వెళ్లిన మనిషి. కన్నవారి వైపు ఒక చెల్లెలు ఉండేదనీ, ఆమెను తాను ఎన్నడూ చూడకుండానే ఆమె చనిపోయిందనీ, కోలుకున్న కొన్ని నెలలకు ఆమె ఫొటో అందినప్పుడు రెక్కమీది యువతి ఆమేనని గుర్తుపట్టాననీ అంటాడు. వీటన్నిటి మీద ఆయన నిలబెట్టిన వాదం ఒక్కటే: ఆ వారం రోజులూ తన మెదడు పైపొర, అంటే కార్టెక్స్, పూర్తిగా మూతపడి ఉంది కాబట్టి ఆ అనుభవం మెదడు సృష్టించినది అయ్యే వీలు లేదు.

నేను అడగడానికి కారణం మా బావగారు. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పండుగకీ పబ్బానికీ గుడికి వెళ్లడమే తప్ప పరలోకం గురించి ఏనాడూ మాట్లాడింది లేదు. మా అక్క పోయినప్పటి నుండి ఈ పుస్తకం ఆయన దిండు పక్కనే ఉంటోంది. ‘చెప్పింది ఏ స్వామీజీయో కాదురా, హార్వర్డ్‌లో పనిచేసిన మెదడు డాక్టరు. మెదడు ఆగిపోతే ఏమవుతుందో ఆయనకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?’ అంటారు. ఆయనతో వాదించి గెలవాలన్న కోరిక నాకు బొత్తిగా లేదు. అయితే అక్క నాకు కూడా అక్కే కాబట్టి, ఇందులో నమ్మదగినది ఎంత ఉందో తెలుసుకోవాలని ఉంది. వైద్యుడు కావడం వల్ల ఈ సాక్ష్యానికి నిజంగా అదనపు బలం వస్తుందా? కార్టెక్స్ మూతపడి ఉందని ఎలా తెలిసింది? ఆస్పత్రుల్లో పనిచేసేవారు, తర్కం చదివినవారు ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

జవాబు: ఐసీయూ డాక్టరు

నేను మత్తు (అనస్తీషియా) వైద్యుణ్ణి. వెంటిలేటర్ మీద ఉన్న రోగులను చూసుకోవడం నా రోజువారీ పని. మీరు అడిగిన రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

కార్టెక్స్ పనిచేయలేదనడానికి అలెగ్జాండర్ చూపిన ఆధారాలు జబ్బు తీవ్రత, సీటీ స్కాన్లు, పడక దగ్గర చేసే నరాల పరీక్షలు. సీటీ స్కాన్ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. వాపు, చీము, రక్తస్రావం ఉంటే పట్టిస్తుంది. ఆ క్షణంలో కార్టెక్స్ పనిచేస్తోందా లేదా అన్న సంగతి మాత్రం అది చెప్పలేదు. అందుకు కనీసం ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష, ఉండాలి, అది కూడా ఎడతెగకుండా నడిచినది ఉండాలి, ఎందుకంటే వారం రోజుల్లో మెదడు ఒకే స్థితిలో ఉండిపోదు. ఉదయం గిల్లినా స్పందించని రోగి సాయంత్రానికి గొట్టం పీక్కోబోతాడు. ఇది మాకు కొత్త కాదు.

ఇంకో చిక్కు ఉంది. ఆయన కోమా పూర్తిగా జబ్బు వల్ల వచ్చిందా, మందుల వల్ల కూడానా అన్నది వివాదం. 2013లో ఎస్క్వైర్ పత్రిక ఆయన మీద ఒక సుదీర్ఘ కథనం ప్రచురించింది. మొదటి రోజు అత్యవసర విభాగంలో ఆయనను చూసిన వైద్యురాలు అందులో మాట్లాడుతూ, గొట్టం వేసి శ్వాస అందించడం కోసం మత్తుమందులతో ఆయనను కోమాలో ఉంచవలసి వచ్చిందనీ, తర్వాత మత్తు తగ్గించి చూసినప్పుడల్లా ఆయన పెనుగులాడేవాడనీ చెప్పింది. తన కోమాకు కారణం మెనింజైటిసేనని అలెగ్జాండర్ పట్టు. ఎవరి మాట నిజమో ఇక్కడి నుండి తేల్చడం నా పని కాదు. కానీ వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి మత్తుమందు ఇచ్చి ఉండటం సర్వసాధారణం. మత్తుమందు ఉన్నప్పుడు, అది తగ్గుతున్నప్పుడు మెదడు కల్పించేవాటిని లెక్కలోకి తీసుకోకుండా ముందుకు పోలేం.

ఆ కల్పన ఎలా ఉంటుందో చెబుతాను. విషజ్వరంతో కిడ్నీలు దెబ్బతిని, కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్న ఒక పెద్దాయనకు మత్తు తగ్గించి గొట్టం తీశాం. మా దగ్గర అలాంటి వారికి ఒక చిన్న పరీక్ష చేస్తాం: అక్షరాల వరుస ఒకటి మెల్లగా చదువుతూ, ఫలానా అక్షరం వినపడినప్పుడల్లా నా చేయి నొక్కమంటాం. ఆయన ప్రతి అక్షరానికీ నొక్కాడు, తర్వాత అసలు నొక్కడం మానేశాడు. మర్నాటికి తేరుకుని, తాను ఇన్నాళ్లూ పొలంలోనే ఉన్నాననీ, రాత్రంతా ఆయిల్ ఇంజన్ నడిచిందనీ, ఎప్పుడో పోయిన అన్నదమ్ములిద్దరూ గట్టుమీద కూర్చుని చుట్ట కాలుస్తూ తనను పిలిచారనీ కొడుకుతో చెప్పాడు. ఆయిల్ ఇంజన్ ఏమిటో నాకు అర్థమైంది: పక్క మంచం రోగి గొంతులో కఫం తీసే సక్షన్ యంత్రం. ‘కలొచ్చిందా తాతా?’ అని నర్సు అడిగితే ఆయనకు కోపం వచ్చింది. కలలకూ దీనికీ తేడా తనకు తెలియదా అన్నాడు. అలెగ్జాండర్ కూడా సరిగ్గా అదే అంటాడు, అది మామూలు మెలకువ కంటే ఎక్కువ నిజంగా ఉందని. అలా అనిపించడం అబద్ధం కాదు. కాకపోతే, నిజమనిపించే తీవ్రత కూడా మెదడు పెట్టే గుర్తే. బయట ఏముందో దానితో తేలదు.

న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ 2012 డిసెంబరులో అట్లాంటిక్ పత్రికలో చెప్పిన అభ్యంతరం నాకు అన్నిటికంటే బలమైనదిగా కనిపిస్తుంది. ఆ అనుభవం కోమా నడుమ కాకుండా, కోమా నుండి పైకి తేలుతూ కార్టెక్స్ మళ్లీ పనిలో పడుతున్న సమయంలో కలిగి ఉండవచ్చు అన్నాడాయన. కోమా వారం రోజులుంది కాబట్టి అనుభవం కూడా వారం రోజులు సాగిందనుకోనక్కరలేదు. కునుకు పట్టిన కొద్ది నిమిషాల్లో ఒక జీవితకాలం గడిచిన కలలు మనందరికీ తెలుసు. కళ్లు తెరిచిన తర్వాత కూడా కొంత సమయం తనకు భ్రమలూ అనుమానాలూ కలిగాయని అలెగ్జాండరే రాసుకున్నాడు. ఆ భ్రమలు జబ్బువనీ, అంతకుముందువి మాత్రం స్వర్గమనీ గీత గీయడానికి ఆయన దగ్గర ఉన్న ఆధారం ఆయన జ్ఞాపకమొక్కటే.

ఇక వైద్యుడు కావడం గురించి. పుస్తకం చివర ఆయన తన అనుభవానికి నరాలశాస్త్రం ఇవ్వగల వివరణలను, కెటమిన్ అనే మత్తుమందు వంటి వాటి ప్రభావం సహా, ఒక్కొక్కటే ఎత్తి తోసిపుచ్చాడు. చదివితే ఎంతో శాస్త్రీయంగా ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే వాటిలో చాలావాటిని తోసిపుచ్చింది ఒకే కారణంతో: అది జరగాలంటే కార్టెక్స్ పనిచేస్తూ ఉండాలి, నా కార్టెక్స్ పనిచేయడం లేదు. అంటే తేల్చవలసిన విషయాన్నే ముందుగా తేలిపోయినట్టు తీసుకున్నాడు. న్యూరోసర్జన్ కణితి తీయడంలో నిపుణుడు; ఆ వారం మాత్రం ఆయన మంచం మీద ఉన్న రోగి. తన మానిటర్‌ను తాను చూసుకోగల స్థితిలో లేడు. మీ బావగారికి చెప్పవలసి వస్తే, ఆ వారం గురించి ఆ డాక్టరు కంటే ఆయన పక్కన డ్యూటీలో ఉన్న నర్సు మంచి సాక్షి అని చెప్పండి.

జవాబు: డల్లాస్ తెలుగు

ఐసీయూ డాక్టరు గారు చెప్పినది ఓపికగా చదివాను. ఒక్క పుస్తకాన్ని కొట్టేస్తే విషయం ముగిసిపోయినట్టేనన్న ధోరణి దానిలో కనిపించింది, దానితో నేను ఏకీభవించను.

ముందుగా అలెగ్జాండర్ గురించే. 2018లో బ్రూస్ గ్రేసన్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ఆయన ఆస్పత్రి రికార్డులు పరిశీలించి ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. జబ్బు ప్రాణాంతకమైన తీవ్రతతో ఉందనీ, అంతటి స్థితి నుండి నరాల లోపమేదీ మిగలకుండా కోలుకోవడం విశేషమనీ వారి నిర్ధారణ. గ్రేసన్ ఎవరో కాదు, మరణాంచు అనుభవాలను, అంటే చావు అంచు దాకా వెళ్లి వచ్చినవారు చెప్పే ఇలాంటి అనుభవాలను, కొలవడానికి 1983లో 16 ప్రశ్నల కొలమానం తయారుచేసిన మనోరోగ వైద్యుడు. నేటికీ చాలామంది పరిశోధకులు వాడేది దాన్నే. ఎస్క్వైర్ కథనాన్ని ప్రస్తావించిన వారు దీన్ని కూడా ప్రస్తావించి ఉండవలసింది. శాక్స్ చెప్పిన ‘పైకి తేలుతున్నప్పుడు’ అన్న వివరణ కూడా ఊహే కదా. ఆ అనుభవం ఫలానా గంటలో కలిగిందని ఆయన కూడా చూపించలేదు.

రెండవది, ఈ అనుభవాలు ఒక డాక్టరువి, ఒక పుస్తకానివి కావు. నెదర్లాండ్స్‌కు చెందిన గుండె వైద్యుడు పిమ్ వాన్ లొమ్మెల్ బృందం 10 ఆస్పత్రుల్లో గుండె ఆగి తిరిగి బతికిన 344 మందిని వెంటనే కలిసి ప్రశ్నించి, 2001లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెల్లడించింది. వారిలో 62 మందికి, అంటే 18 శాతానికి, ఇలాంటి అనుభవం ఉంది. గుండె ఎంతసేపు ఆగింది, ఏ మందులు ఇచ్చారు, ముందుగా మరణభయం ఉందా అన్నవాటితో ఆ అనుభవానికి సంబంధం కనబడలేదు. ప్రాణవాయువు తగ్గడమే కారణమైతే అందరి గుండే ఆగింది కదా, మిగిలిన 82 శాతం మందికి ఎందుకు కలగలేదని వాన్ లొమ్మెల్ అడిగిన ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు నేను చూడలేదు. ఏళ్లు గడిచాక మళ్లీ కలిస్తే, అనుభవం కలిగినవారిలో చావు అంటే భయం తగ్గి, పరలోకం మీద నమ్మకం పెరిగి ఉంది.

వైద్యులే కావాలంటే ఇంకా ఉన్నారు. టోనీ సికోరియా అనే ఎముకల శస్త్రవైద్యుడు 1994లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫోన్ బూత్ దగ్గర ఉండగా పిడుగుపాటుకు గురై, నేలమీద పడి ఉన్న తన శరీరాన్ని తానే చూశానని చెప్పాడు. కొన్ని వారాల తర్వాత పియానో సంగీతం మీద ఆయనకు తీరని దాహం పుట్టింది. చిన్నతనంలో కొద్దిగా నేర్చుకుని వదిలేసిన మనిషి, తెల్లవారుజామునే లేచి సాధన చేసి, కచేరీ చేసే స్థాయికి చేరాడు. విచిత్రం ఏమంటే ఈ కథను లోకానికి చెప్పినది ఇంతకుముందు పేరు వచ్చిన ఆలివర్ శాక్సే. ఒక మనిషిని ఇంతగా మార్చగల అనుభవాన్ని సక్షన్ యంత్రం చప్పుడుతో సరిపెట్టడం తొందరపాటు అనిపిస్తుంది.

జవాబు: సంస్కృతం మాస్టారు

తర్కం చదివినవారిని కూడా పిలిచారు కాబట్టి రెండు మాటలు. మన నైయాయికులు, అంటే న్యాయశాస్త్రమనే తర్కశాస్త్రపు పండితులు, జ్ఞానాన్ని అనుభవమనీ స్మృతి అనీ రెండుగా విడదీసి, స్మృతిని ప్రమాణజన్యమైన, అంటే నమ్మదగిన ఆధారం నుండి పుట్టిన, జ్ఞానంగా లెక్కించలేదు. కారణం సులభం: జ్ఞాపకం లోపల మిగిలిన ముద్ర (సంస్కారం) నుండి పుడుతుంది, ఎదుటి వస్తువు నుండి కాదు. అలెగ్జాండర్ మనకు ఇస్తున్నది స్మృతి. ఆ స్మృతి వెనుక అనుభవం ఉందన్నది ఒప్పుకుందాం. అది ఎప్పుడు కలిగింది, ఏ వస్తువు వల్ల కలిగింది అన్న రెండిటినీ స్మృతి తనంతట తాను నిరూపించుకోలేదు. అందుచేత శాక్స్ చెప్పింది ఊహేనని డల్లాస్ వారన్నది న్యాయమే గానీ, దానివల్ల అలెగ్జాండర్ పక్షం బలపడదు. ఎప్పుడన్నది ఇద్దరికీ తెలియనప్పుడు, ఆ ‘ఎప్పుడు’ మీదే మొత్తం భారం మోపినవాడికి నష్టం ఎక్కువ.

ఫొటో సంగతి కూడా ఇంతే. నెలల తర్వాత ఒక ఫొటో చూసి ‘ఈమే’ అనుకున్నాడు. ఫొటో రాకముందే ఆ ముఖాన్ని ఎవరికైనా వర్ణించి, ఆ వర్ణన కాగితం మీద ఉండి ఉంటే దాని బరువు వేరు. తనను వదులుకున్న కన్నవారి ఇంటి నుండి, ఎన్నడూ చూడని చెల్లెలి ముఖం మొదటిసారి చూస్తున్న మనిషి గుండె ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను ఆయనను అనుమానించడం లేదు. తర్కంలో నమ్మదగిన సాక్షిని ఆప్తుడు అంటారు, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఉన్నది ఉన్నట్టు తెలిసి ఉండటం అందుకు మొదటి షరతు, నిజాయితీ రెండవది. రెండవది ఆయనకు ధారాళంగా ఉందనుకున్నా మొదటిదే ఇక్కడ ప్రశ్న.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మన దేశపు అనుభవాలు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, మనోరోగ వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి ఉత్తర భారతానికి చెందిన 16 అనుభవాలను 1986లో ప్రచురించారు. తర్వాత కర్ణాటక పల్లెల్లో కూడా విచారణ చేశారు. అక్కడ సొరంగం, ప్రేమమయమైన వెలుగు, జీవితమంతా కళ్లముందు తిరగడం వంటివి అరుదు. దూతలు వచ్చి పట్టుకుపోతారు; చేతిలో పుస్తకమో కాగితాలో ఉన్న మనిషి ముందు నిలబెడతారు; ఆయన లెక్క చూసి, తేవలసింది ఇతన్ని కాదు, అదే పేరున్న మరొకణ్ణి అని దూతలను గద్దించి వెనక్కు పంపిస్తాడు. కొన్నిటిలో అదే సమయానికి ఆ పేరుగల మరో మనిషి పోయాడని కూడా చెబుతారు. మా నాయనమ్మ చెప్పే కథల్లో చిత్రగుప్తుడి గుమాస్తాలు ఇలాగే పొరపడేవారు. పల్లెటూరి మునసబు కచేరీని చూసినవాళ్లకు యముడి కచేరీ కూడా అలాగే నడవడంలో వింత లేదు. వర్జీనియా డాక్టరుకు చిత్రగుప్తుడు ఎందుకు కనిపించలేదు, మన రైతుకు సీతాకోకచిలుక ఎందుకు కనిపించలేదు అన్నదానికి పరలోకాన్ని నమ్మేవారు జవాబు వెతకాలి.

అయితే ఈ వాదాన్ని కూడా మరీ సాగదీయకూడదని చెప్పే ఒక ఉదాహరణ ఉంది. మన దేశం నుండి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన రాజీవ్ పర్తీ అనే మత్తు వైద్యుడు, 2010 డిసెంబరులో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు శస్త్రచికిత్స జరుగుతుండగా తనకు ఇలాంటి అనుభవం కలిగిందని రాశాడు. పుట్టుకతో హిందువైన ఆయనకు నరకం, చనిపోయిన తండ్రి కనిపించాక, దారి చూపినవారు క్రైస్తవుల దేవదూతలైన మైఖేల్, రఫాయెల్. పెరిగిన ఇంటిది కాకుండా బతుకుతున్న దేశపు బొమ్మలు ఆయనకు ఎదురయ్యాయి. దీన్ని ఎటు తిప్పుకున్నా తిరుగుతుంది.

డల్లాస్ వారు అనుభవం మనిషిని మారుస్తుందన్నారు. నిజం, కానీ అందరినీ ఒకే వైపు మార్చదు. దేవుణ్ణి నమ్మని ఆంగ్ల తత్వవేత్త ఏ.జె. అయర్‌కు 1988లో లండన్ ఆస్పత్రిలో చేపముక్క గొంతుకు అడ్డుపడి నాలుగు నిమిషాలు గుండె ఆగింది. కళ్లు భరించలేని ఎర్రని వెలుగునూ, విశ్వాన్ని పాలించే అధికారుల్లాంటి వారినీ చూశానని ఆయనే పత్రికలో రాశాడు. చావుతో అంతా ముగుస్తుందన్న తన నమ్మకం కాస్త సడలిందని మొదట అన్నాడు. తర్వాత సవరించి, సడలింది నమ్మకం కాదు, ఆ నమ్మకం విషయంలో తన బిగింపు అన్నాడు. నాస్తికుడిగానే 1989లో కన్నుమూశాడు. ఆ సవరణ నాకు చాలా నచ్చుతుంది. కఠోపనిషత్తులో నచికేతుడనే బాలుడు, చనిపోయాక మనిషి ఉంటాడా లేడా అన్న ఇదే ప్రశ్న యముణ్ణి అడిగితే, దీని గురించి దేవతలకే సందేహం ఉంది, ఏనుగులు, గుర్రాలు, బంగారం, ఏదైనా అడుగు, ఇది మాత్రం వద్దని యముడే బతిమాలాడు. ప్రత్యక్షంగా ఆ ఊరి యజమానే అంత వెనుకాడినచోట మనం తొందరపడటం ఎందుకు?

ప్రశ్నించినవారి స్పందన: గుంటూరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఈ పూట బావగారికి మూడు జవాబులూ చదివి వినిపించాను. నర్సు మంచి సాక్షి అన్న మాటకు నవ్వారు, చాలా రోజులకు. డల్లాస్ వారి 82 శాతం ప్రశ్న తనదే అన్నారు. ఆ తర్వాత, ఫిజిక్సు మాస్టారు కాబట్టి, ఇలా అడిగారు: ‘గుండె ఆగినవాళ్లు పైకప్పు దగ్గర తేలుతూ కింద జరిగేది చూశామంటారు గదా. అయితే పైనుండి మాత్రమే కనబడేలా ఒక బొమ్మ పెట్టి, అదేమిటో అడిగితే సరిపోయే. ఇన్నేళ్లలో ఎవరూ ఆ పని చేయలేదా?’ చేసి ఉంటే ఫలితం ఏమిటో చెప్పగలరా?

జవాబు: ఐసీయూ డాక్టరు

మీ బావగారు అడిగిన ప్రయోగం జరిగింది. ముందుగా డల్లాస్ వారికి ఒక మాట: 2018 పత్రాన్ని నేను ప్రస్తావించకపోవడం లోటే. జబ్బు తీవ్రత మీద నాకు వారితో తగాదా లేదు. అంత జబ్బు చేసిన మెదడు కోలుకోవడం ఆశ్చర్యమే, కోలుకునేటప్పుడు అది ఏం చూపించిందన్నది వేరే ప్రశ్న. 18 శాతమే ఎందుకన్నదానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. మత్తు మందుల్లో మిడజోలమ్ వంటివి, గుండె ఆగడం వంటివి కొత్త జ్ఞాపకాలు నిలవకుండా చేస్తాయి కాబట్టి, కలగడం వేరు, గుర్తుండటం వేరు అని మాత్రం అనగలను.

ఇక ప్రయోగం. సామ్ పార్నియా అనే వైద్యుడి నాయకత్వంలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియాల్లోని 15 ఆస్పత్రుల్లో, పైకప్పు దగ్గర చిన్న బల్లలు బిగించి, కింద నిలబడినవారికి కనబడకుండా వాటిమీద బొమ్మలు పెట్టారు. 2014లో ఫలితాలు వచ్చాయి. మొత్తం 2,060 సార్లు గుండె ఆగిన సంఘటనల్లో, బతికి మాట్లాడగలిగినవారు 140 మంది. వారిలో వివరంగా రెండో విడత ఇంటర్వ్యూ పూర్తిచేసినవారు 101 మంది. అందులో 9 శాతానికి మరణాంచు అనుభవం ఉంది, 2 శాతం మాత్రం గదిలో జరిగినదాన్ని చూశాం, విన్నాం అన్నారు. వారిలో 57 ఏళ్ల ఒకాయన, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం పలికిన మాటలతో సహా చెప్పినది రికార్డుతో సరిపోయింది. ఆ యంత్రం లెక్కను బట్టి ఆయనకు కొన్ని నిమిషాల పాటు ఎరుక ఉన్నట్టే కనిపిస్తుంది. చిక్కు ఏమంటే, ఆయన గుండె ఆగిన గదిలో ఆ బల్ల లేదు. ఎక్కువ సంఘటనలు బల్లలు బిగించని చోట్లే జరిగాయి. మా వార్డుల్లో కూడా గుండె మేం సిద్ధంగా ఉన్న మంచం దగ్గర ఆగదు, స్నానాల గదిలోనో ఎక్స్‌రేకు తీసుకెళ్తుంటేనో ఆగుతుంది.

అందుకని రెండో ప్రయోగంలో పరికరాలను రోగి దగ్గరికే మోసుకెళ్లారు. అమెరికా, బ్రిటన్‌లలోని 25 ఆస్పత్రుల్లో, ఆస్పత్రిలో ఎవరికైనా గుండె ఆగిందని పిలుపు రాగానే పరిశోధకులు పరుగెత్తుకొచ్చి, తల దగ్గర ఒక ట్యాబ్లెట్ తెర మీద బొమ్మలు చూపించి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి మూడు పండ్ల పేర్లు పదేపదే వినిపించేవారు. నుదుటి మీద ఈఈజీ, మెదడుకు అందే ఆక్సిజన్ కొలిచే పరికరం కూడా పెట్టారు. ఒక పక్క ఛాతీ మీద ఇద్దరు మార్చి మార్చి నొక్కుతుండగా ఇదంతా అమర్చడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం 567 మందిలో బతికి ఇంటికి చేరినవారు 53 మంది, ఇంటర్వ్యూ ఇవ్వగలిగినవారు 28 మంది. ఏదో ఒక జ్ఞాపకం ఉందన్నవారు 11 మంది. బొమ్మ ఏమిటో చెప్పినవారు ఒక్కరూ లేరు. పండ్ల పేర్లు ఒక్కరు చెప్పారు.

ఈ ఒక్కరి దగ్గర ఆగి మీ బావగారు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను: 28 మందిలో ఒక్కరు మూడు పండ్లు సరిగ్గా చెప్పడాన్ని ఏ వైపూ పెద్దది చేయలేం. నిజంగా వినే ఉంటే, అది చెవి ద్వారా వెళ్లినది. చెవి పనిచేస్తే మెదడు పనిచేసినట్టే. ఆ ప్రయోగంలో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఈఈజీ. దాదాపు గంటసేపు ఛాతీ నొక్కిన తర్వాత కూడా కొందరిలో మెలకువలో ఉన్నప్పటి మాదిరి తరంగాలు మధ్యమధ్య కనిపించాయి. అంతకుముందు మిషిగన్ విశ్వవిద్యాలయంలో జీమో బోర్జిగిన్ బృందం, గుండె ఆపిన ఎలుకల మెదళ్లలో మొదటి అర నిమిషంలో గామా తరంగాలు (మెదడు చురుగ్గా ఉన్నప్పుడు కనిపించే వేగవంతమైన విద్యుత్ తరంగాలు) ఉప్పొంగడాన్ని 2013లో చూపింది. 2023లో వెంటిలేటర్ తీసేసిన నలుగురు రోగుల్లో ఇద్దరికి అలాంటిదే కనిపించింది. ఆ ఇద్దరూ బతకలేదు కాబట్టి వారు ఏమైనా చూశారో లేదో అడిగే వీలు లేదు. గుండె ఆగిన మరుక్షణమే మెదడు దీపం ఆరిపోతుందని మేం విద్యార్థులుగా అనుకున్నది మాత్రం సరికాదని వీటితో తేలింది. ఈ సంగతి అలెగ్జాండర్‌కు అనుకూలమని కొందరు, వ్యతిరేకమని కొందరు అంటున్నారు. కార్టెక్స్ పూర్తిగా మూతపడిందన్న మాట మీద నిలబడ్డ వాదానికి ఇది అనుకూలం ఎలా అవుతుందో నాకు బోధపడదు.

బావగారికి పుస్తకం వద్దని చెప్పకండి. వారికి ఇంగ్లీషు, లెక్కలు రెండూ వచ్చు కాబట్టి లాన్సెట్ పత్రం, ఈ రెండు ప్రయోగాల పత్రాలు కూడా చదవమనండి. మూడూ కలిపి నలభై పేజీలు ఉండవు. చదివాక ఆయనకు వచ్చే సందేహాలు ఇక్కడే రాయమనండి, నాకు తెలిసినంత చెబుతాను.